సట్వాయి రాత, కణంలోని గుర్తు

మరాఠ్వాడాలో శిశువు పుట్టిన ఐదవ రాత్రో ఆరవ రాత్రో సట్వాయి అనే దేవత ఇంటికి వచ్చి, బిడ్డ నుదుటి మీద ఆయుర్దాయాన్నీ సుఖదుఃఖాలనూ రాసి వెళ్తుందన్న విశ్వాసం తరతరాలుగా ఉంది; ఆమె కోసం పురిటి గదిలో తెల్ల కాగితమూ కలమూ పెట్టే ఆచారం నేటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. నాందేడ్ జిల్లా తూర్పు అంచున, తెలుగూ మరాఠీ ఒకే సంతలో కలిసి వినిపించే దేగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ ప్రాంతాలలోని తెలుగు కుటుంబాలు అదే పనిని బ్రహ్మకు అప్పగించి, కష్టం వచ్చినప్పుడు నుదుటి రాత అనుకుని సరిపెట్టుకుంటాయి. దేవతలు వేరైనా ఈ రెండు విశ్వాసాల వెనుక ఉన్న భావన ఒక్కటే: ఆ రాత ఒక్కసారే పడుతుంది, దానిని మనిషి చదవలేడు, చదివినా చెరపలేడు. శరీరంలోని కణాలలో నిజంగానే కొన్ని గుర్తులు పడతాయనీ, వాటిని చదవవచ్చుననీ, వాటిలో కొన్ని మారతాయనీ జీవశాస్త్రం చెబుతున్న కాలంలో విధి అనే భావనకు ఏ అర్థం మిగులుతుందన్నది మతతత్త్వం తప్పించుకోలేని ప్రశ్న.

ఈ ప్రశ్నను గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ విషయంలో అడగడానికి తగిన కారణం ఉంది. ఇంత నెమ్మదిగా పెరిగి, ఇంత ముందుగా కనిపించి, ఇంత తక్కువ ఖర్చుతో ఆపగలిగిన క్యాన్సర్లు చాలా అరుదు. అయినా 2022లో భారతదేశంలో సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఇది కొత్తగా వచ్చిందనీ, సుమారు 80,000 మంది దీనివల్ల మరణించారనీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా వేసింది. ఆపగలిగిన మరణం ఇంత పెద్ద సంఖ్యలో సంభవిస్తూ, ఆ ఇళ్ళలో అది దైవనిర్ణయంగా చెప్పుకోబడుతున్నప్పుడు, దైవం అనే మాట ఏ పని చేస్తున్నదో పరిశీలించక తప్పదు.

వ్యాధి నడిచే తీరును ముందుగా చెప్పుకోవాలి. హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే వాడుకలో హెచ్‌పీవీ, లైంగిక సంపర్కం ద్వారా సోకే అతి సాధారణమైన వైరస్. దాంపత్య జీవితం గడిపే స్త్రీపురుషులలో అధిక సంఖ్యాకులకు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది, సోకినవారిలో ఎక్కువమందికి ఒకటి రెండేళ్ళలో శరీరమే దానిని వదిలించుకుంటుంది. వదలకుండా ఏళ్ళ తరబడి నిలిచిపోయిన కొద్దిమందిలో, ముఖ్యంగా 16, 18 అనే సంఖ్యలతో పిలిచే రకాలు నిలిచిపోయినవారిలో, గర్భసంచి మూతి దగ్గరి పై పొర కణాలు క్రమంగా రూపం మారుతాయి. ఈ మార్పునే క్యాన్సర్‌కు పూర్వదశ అంటారు. దీనిని తీవ్రతను బట్టి మూడు మెట్లుగా లెక్కిస్తారు. మూడవ మెట్టు నుంచి కణాలు పొరను దాటి లోపలి కణజాలంలోకి చొచ్చుకుపోవడానికి తరచుగా పదేళ్ళు, ఒక్కొక్కసారి ఇరవై ఏళ్ళు పడుతుంది. ఈ వైరస్‌కూ ఈ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని నిరూపించిన జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ త్సూర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది.

కణం లోపల జరిగేది ఇంకా సూక్ష్మమైనది. మనిషి కంటి కణంలోనూ కాలేయ కణంలోనూ ఉన్న డీఎన్ఏ ఒక్కటే. ఒకటి కన్నుగా, మరొకటి కాలేయంగా పనిచేయడానికి కారణం ఏ జన్యువు మేలుకుని ఉండాలో ఏది నిద్రపోవాలో నిర్ణయించే రసాయన గుర్తులు. ఇవి డీఎన్ఏ అక్షరాలను మార్చవు, ఆ అక్షరాలు పనిచేసే తీరును మారుస్తాయి. అందుకే వీటిని ఎపిజెనెటిక్ గుర్తులు అంటారు. వీటిలో బాగా తెలిసినది మిథైలేషన్: ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ పరమాణువులు గల మిథైల్ అనే చిన్న గుంపు డీఎన్ఏలోని సైటోసిన్ అనే అక్షరానికి అతుక్కోవడం. జన్యువు ఆరంభ భాగంలో ఇలాంటి గుర్తులు దట్టంగా పడితే ఆ జన్యువు మూగబోతుంది. హెచ్‌పీవీ తయారుచేసే ఈ6, ఈ7 అనే రెండు ప్రోటీన్లు కణ విభజనకు కళ్ళెం వేసే పీ53, ఆర్‌బీ అనే రెండు కాపలా ప్రోటీన్లను పనిచేయనివ్వవు. అంతటితో ఆగక ఈ7 మిథైల్ గుంపులను అతికించే ఎంజైమును కూడా ఉసికొల్పుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గడ్డ పెరగకుండా చూసే జన్యువులు ఒక్కొక్కటే మూగబోతాయి.

ఈ గుర్తులను చదివే విధానం సరళమైనదే. గర్భసంచి మూతి నుంచి మెత్తని కుంచెతో తీసిన కణాల డీఎన్ఏను బైసల్ఫైట్ అనే రసాయనంతో కలిపినప్పుడు, మిథైల్ గుంపు లేని సైటోసిన్ మరో అక్షరంగా మారిపోతుంది, గుంపు ఉన్నది మారదు. మారనివి ఎన్ని ఉన్నాయో లెక్కిస్తే ఆ జన్యువు ఎంతవరకు మూగబోయిందో తెలుస్తుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు ఫ్యామ్19ఏ4, మిర్124-2 అనే జన్యువుల జంటను, తైవాన్ పరిశోధకులు ప్యాక్స్1, జెడ్ఎన్ఎఫ్582 అనే జన్యువులను, లండన్ పరిశోధకులు ఈపీబీ41ఎల్3 అనే మానవ జన్యువుతో పాటు వైరస్ సొంత డీఎన్ఏ మీద పడే గుర్తులను ఇందుకు ఎంచుకున్నారు. పలు దేశాల నుంచి సేకరించిన 519 క్యాన్సర్ నమూనాలను నెదర్లాండ్స్ జంటతో పరీక్షించినప్పుడు నూటికి 98 పైగా నమూనాలలో గుర్తు కనిపించింది. ఈ పరీక్షలకున్న అసలు విలువ వేరొకచోట ఉంది: వైరస్ ఉందని తేలిన అనేకమంది స్త్రీలలో ఎవరికి వెంటనే చికిత్స కావాలో, ఎవరు కొంతకాలం ఆగవచ్చునో వేరుచేసి చూపడంలో.

ఇక్కడొక అపోహను పక్కకు తీయాలి. ఎపిజెనెటిక్స్ అనే మాట ప్రచారంలోకి వచ్చిన తరువాత, కర్మ సిద్ధాంతాన్ని శాస్త్రం రుజువు చేసిందనీ, మన పెద్దలు వాసన, సంస్కారం అని పిలిచినవి ఈ మిథైల్ గుంపులేననీ చెప్పే ప్రసంగాలు వెల్లువెత్తాయి. వీటికి తరచుగా ఆధారంగా చూపేది నెదర్లాండ్స్‌లో 1944–45 శీతాకాలంలో వచ్చిన కరువు. ఆ కాలంలో తల్లి గర్భంలో ఉన్నవారిలో ఆరు దశాబ్దాల తరువాత కూడా ఒక జన్యువు మీది మిథైల్ గుర్తులు తోబుట్టువులలో కంటే తక్కువగా కనిపించాయని 2008లో ఒక అధ్యయనం చూపింది. ఆ అధ్యయనం నిజమే, దాని నుంచి తీసిన నిర్ధారణే కర్మ సిద్ధాంతానికి హాని చేస్తుంది. చేసినవాడే అనుభవిస్తాడన్నది ఆ సిద్ధాంతపు ప్రాణం; చేసిన కర్మ ఫలం ఇవ్వకుండా నశించడాన్ని కృతనాశమనీ, చేయని కర్మకు ఫలం వచ్చి పడడాన్ని అకృతాభ్యాగమమనీ పేరుపెట్టి, ఈ రెండూ ఏ దర్శనంలోనూ అంగీకరించరాని దోషాలని మన తార్కికులు తేల్చారు. యుద్ధకాలపు దిగ్బంధంలో తల్లి పస్తులుండగా పుట్టని బిడ్డ మీద గుర్తు పడితే అది సాక్షాత్తూ అకృతాభ్యాగమమే. పైగా గర్భసంచి మూతి కణాల మీద పడే గుర్తులు అండంలోకి చేరవు, కూతురికి సంక్రమించవు, ఆ దేహంతోనే పోతాయి. జన్మాంతరాల లెక్కను మోయగలిగినదేదీ వాటిలో లేదు. సనాతన జ్ఞానాన్ని గొప్పచేయబోయి దాని తర్కాన్నే కూలగొట్టే ఈ రకం సమన్వయం పాండిత్యానికీ భక్తికీ కూడా అవమానమే.

అపోహ తొలగిన చోట అసలు తాత్త్విక సమస్య మొదలవుతుంది: రాబోయే వ్యాధికి గుర్తు కనిపించడమంటే ఏమి తెలిసినట్టు? న్యాయదర్శనం అనుమాన ప్రమాణాన్ని విభజిస్తూ, కారణాన్ని చూసి కార్యాన్ని ఊహించడాన్ని పూర్వవత్ అన్నది. వాత్స్యాయనుడు తన భాష్యంలో దీనికి ఇచ్చిన ఉదాహరణ మేఘం కమ్మడాన్ని చూసి వాన పడుతుందని ఊహించడం. ఈ రకం అనుమానం మీద తరువాతి తార్కికులు మోపిన ఆక్షేపణ అందరికీ తెలిసినదే: కమ్మిన మేఘమల్లా కురవదు. హేతువు ఉన్న చోటల్లా సాధ్యం ఉండి తీరాలన్న వ్యాప్తి నియమం చెడితే ఆ హేతువుకు వ్యభిచారం అనే దోషం అంటుతుంది. క్యాన్సర్ పూర్వదశ విషయంలో ఈ దోషం ఎంతటిదో కొలిచే అవకాశం వైద్యానికి ఒక అన్యాయం వల్ల దొరికింది. న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్ నేషనల్ విమెన్స్ హాస్పిటల్‌లో 1960ల మధ్య నుంచి 1970ల దాకా మూడవ మెట్టు పూర్వదశ ఉన్న కొందరు స్త్రీలకు, వారికి తెలియజేయకుండానే, పూర్తి చికిత్సను నిలిపివేసి ఏమవుతుందో గమనించారు. శాండ్రా కోనీ, ఫిలిడా బంకిల్ అనే ఇద్దరు రచయిత్రులు 1987లో ఒక పత్రికలో ఈ సంగతి బయటపెట్టగా, న్యాయమూర్తి సిల్వియా కార్ట్‌రైట్ ఆధ్వర్యంలో విచారణ జరిగింది. ఆ రోగుల వివరాలను 2008లో తిరిగి లెక్కించినప్పుడు, నామమాత్రపు కోతతో సరిపెట్టిన 143 మందిలో ముప్పై ఏళ్ళలో క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి 31 గానూ, సరైన చికిత్స పొందినవారిలో నూటికి ఒకటి కంటే తక్కువగానూ తేలింది.

ఈ రెండు సంఖ్యలూ విధివాదానికి రెండు వైపుల నుంచీ అడ్డు నిలుస్తాయి. చికిత్స లేకున్నా మూడింట రెండు వంతుల మందికి ఆ గడువులో క్యాన్సర్ రాలేదు. కనుక పూర్వదశ అన్నది తీర్పు కాదు. చికిత్స ఉంటే దాదాపు ఎవరికీ రాలేదు. కనుక మిగిలిన ఒక వంతుకు కూడా అది తీర్పు కాదు. మిథైల్ గుర్తులు ఈ అనుమానాన్ని మరింత పదును చేస్తాయే తప్ప నిశ్చయంగా మార్చవు: రెండవ, మూడవ మెట్టు మార్పులున్నా చికిత్స చేయకుండా దగ్గరగా గమనిస్తూ వచ్చిన స్త్రీలపై నెదర్లాండ్స్‌లో జరిగి 2022లో వెలువడిన అధ్యయనంలో, గుర్తు లేనివారిలో నూటికి సుమారు 75 మందికీ, గుర్తు ఉన్నవారిలోనూ నూటికి సుమారు 51 మందికీ ఆ మార్పు దానంతట అదే తగ్గింది. గుర్తు ఉన్నా సగం మంది బాగుపడ్డారన్న ఈ సంగతిని విధిని నమ్మేవారి కంటే ముందు వైద్యులు గుర్తుంచుకోవాలి. నైయాయికుల భాషలో ఇది వ్యభిచారం గల హేతువే; అయినా మేఘాన్ని చూసి కళ్ళంలోని ధాన్యాన్ని ఎత్తిపెట్టే రైతు వ్యాప్తి సిద్ధించేదాకా ఆగడు. ప్రమాణశాస్త్రానికి చాలని జ్ఞానం ప్రవృత్తికి చాలుతుంది.

ప్రవృత్తి, అంటే పూనుకుని చేసే పని, విధి ముందు నిలుస్తుందా అన్న ప్రశ్నను మన సంప్రదాయంలో అత్యంత సూటిగా ఎదుర్కొన్నవారు వేదాంతులు కాదు, వైద్యులు. శాంకర వేదాంతం సంచిత కర్మను జ్ఞానం దహిస్తుందని ఒప్పుకున్నా, ఫలమివ్వడం మొదలుపెట్టిన ప్రారబ్ధాన్ని మాత్రం అనుభవించే తీరాలన్నది. బ్రహ్మసూత్రాల నాలుగవ అధ్యాయంలో దీనికి ప్రత్యేక చర్చ ఉంది. ఈ ప్రారబ్ధమే వాడుకలోకి దిగి తలరాతగా స్థిరపడిందనవచ్చు. చరకసంహిత విమానస్థానంలోని మూడవ అధ్యాయం ఇందుకు భిన్నమైన దారి పట్టింది. పాంచాల దేశపు కాంపిల్య నగర సమీపంలో గంగ ఒడ్డున ఆత్రేయుడు శిష్యుడైన అగ్నివేశుడితో జనపదాలను తుడిచిపెట్టే వ్యాధుల గురించి మాట్లాడుతుండగా, ఆయుర్దాయం అందరికీ ముందే నిర్ణయమై ఉందా అని శిష్యుడు అడుగుతాడు. పూర్వదేహంలో చేసినది దైవమనీ, ఈ దేహంతో చేసేది పురుషకారమనీ, రెండూ కర్మలేననీ, బలమైనది బలహీనమైన దానిని అణచివేస్తుందనీ గురువు సమాధానం. ఆయుర్దాయం స్థిరమే అయితే మంత్రాలూ మందులూ ఎందుకు, మదించిన జంతువులనూ విషాన్నీ తప్పుకుని నడవడం ఎందుకు అని ఎదురు ప్రశ్న వేస్తాడాయన. గమనించవలసిన విషయం ఏమిటంటే, చరకుడు దైవాన్ని కొట్టివేయలేదు. దానిని కొలవదగిన బలంగా, అంటే మరో బలంతో ఎదిరించదగినదిగా మార్చాడు. విధి గురించి ఒక వైద్యుడు చెప్పదగిన మాట ఇంతకంటే వేరే ఉండదు.

అదే సంహిత నిదానస్థానంలో వ్యాధిని తెలుసుకునే ఐదు మార్గాలలో పూర్వరూపాన్ని ఒకటిగా లెక్కించింది. సుశ్రుతుడు దోషం కూడబెట్టుకోవడం మొదలు వ్యాధి బద్దలయ్యేదాకా ఆరు దశలను చెప్పి, ముందు దశలోనే పట్టుకుంటే వ్యాధి తరువాతి దశకు చేరదన్నాడు. వీటిని చూపి మిథైలేషన్ గురించి ప్రాచీనులకు తెలుసుననడం వెనుకటి పొరపాటునే మళ్ళీ చేయడమవుతుంది. వారికి తెలిసినది కణం కాదు, కాలం: వ్యాధికి గతం ఉంటుందనీ, ఆ గతంలో జోక్యం చేసుకునే చోటు ఉంటుందనీ.

జోక్యానికి కూడా వివేకం కావాలి. మరాఠ్వాడాలోనే బీడ్ జిల్లాలో చెరకు కోతకు వెళ్ళే స్త్రీల గర్భసంచులు పెద్ద సంఖ్యలో తొలగించబడుతున్నాయన్న ఆరోపణ మీద మహారాష్ట్ర ప్రభుత్వం 2019లో వేసిన కమిటీ, 82,000 మందికి పైగా స్త్రీలను విచారించి 13,000 మందికి పైగా ఆ శస్త్రచికిత్స చేయించుకున్నట్టు కనుగొన్నది. తెల్లబట్ట, నడుంనొప్పి వంటి సాధారణ బాధలకు వచ్చిన స్త్రీకి, గర్భసంచి ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుందని చెప్పడం ఇలాంటి కోతలకు సాకుగా వినిపించింది. ఇది తెల్లకోటు తొడుక్కున్న విధివాదం. రాగలదానిని రాబోతున్నదిగా, రాబోతున్నదానిని వచ్చినదిగా చెప్పి భయపెట్టే ఈ పద్ధతికి ఎదురుగా నిలబడగలిగినది కచ్చితమైన గుర్తు ఒక్కటే. ఆగవచ్చునని ఒక స్త్రీకి ధైర్యంగా చెప్పగలిగే పరీక్ష, కోయాలని చెప్పే పరీక్ష కంటే తక్కువ విలువైనది కాదు.

గుర్తు అన్న మాటకు మతంలో మరో నీడ ఉంది: అది పాపానికి ముద్ర. శాతాతప స్మృతి వంటి కర్మవిపాక గ్రంథాలు ఏ పాపానికి ఏ రోగం ఫలమో జాబితాలు రాశాయి. హెచ్‌పీవీ లైంగికంగా సోకుతుందన్న ఒక్క ముక్క ఊళ్ళోకి చేరగానే ఆ జాబితా మళ్ళీ తెరుచుకుంటుంది, అందులో పేరు ఎక్కేది మాత్రం స్త్రీ ఒక్కతే. నాందేడ్ జిల్లాలోని మాహూర్ కొండ మీద వెలసిన రేణుకాదేవి, తెలుగువారు ఎల్లమ్మగా కొలిచే తల్లి, ఈ సందర్భంలో తలపుకు రాక మానదు. నీటికి వెళ్ళిన ఆమె మనసు గంధర్వుని చూసి ఒక్క క్షణం చలించిందన్న అనుమానంతో జమదగ్ని ఆమె తల నరకమని కొడుకును ఆజ్ఞాపించాడనీ, పరశురాముడు ఆ పని చేసి, వరంగా తల్లి ప్రాణాన్నే తిరిగి అడిగాడనీ పురాణ కథ. శిక్షించిన ఋషిని మించి శిక్ష అనుభవించిన తల్లి దగ్గరికే మరాఠీ, తెలుగు, లంబాడీ, గోండు స్త్రీలు శతాబ్దాలుగా కొండ ఎక్కుతున్నారు. కథ తీర్పు ఎటున్నా, జనం తీర్పు ఎటున్నదో దీనివల్ల తెలుస్తుంది. జీవితమంతా ఒక్క భర్తతోనే గడిపిన స్త్రీకి అతని గతం నుంచి వైరస్ సోకవచ్చు. సోకినవారిలో ఎవరిలో అది నిలిచిపోతుందన్నది శీలం మీద కాక రోగనిరోధక శక్తి, పొగాకు, హెచ్ఐవీ వంటి ఇతర రోగాలు, పోషణ వంటి వాటి మీద ఆధారపడుతుంది. మిథైల్ గుంపు ఎవరి నడతకూ సాక్ష్యం చెప్పదు. పురుడుకూ స్త్రీ శరీరానికీ అంటగట్టిన మైలను గురునానక్ ఆసా దీ వార్‌లో తిరస్కరించాడు. ఆ వాణిని నిత్యం పాడే హజూర్ సాహిబ్ గురుద్వారా ఉన్నది ఈ జిల్లా కేంద్రంలోనే.

హజూర్ సాహిబ్ ప్రస్తావన మరొక కారణం చేత కూడా అవసరం. పదవ గురువు గురు గోవింద్ సింగ్ 1708 అక్టోబరులో నాందేడ్‌లో గోదావరి తీరాన దేహం చాలించాడు. పఠాను పొడిచిన గాయానికి వైద్యుడు కుట్లు వేయగా అది మానుముఖం పట్టిందనీ, గట్టి వింటిని ఎక్కుపెట్టే ప్రయత్నంలో ఆ కుట్లు తెగాయనీ సిక్కు సంప్రదాయం చెబుతుంది. సిక్కు తత్త్వంలో హుకుం, అంటే పరమాత్మ ఆజ్ఞ, సమస్త సృష్టినీ నడిపే నియమం. దాని వెలుపల ఏదీ లేదు. ఆ హుకుంను అందరికంటే సంపూర్ణంగా శిరసావహించిన గురువు గాయానికి కుట్లు వేయించుకోవడానికి వెనుకాడలేదు. ఆజ్ఞకు లొంగడమూ చికిత్సకు ఒప్పుకోవడమూ పరస్పర విరుద్ధాలు కావన్న నిర్ధారణ ఇందులో ఉంది: ఏది ఆజ్ఞో అన్నది చేయగలిగినదంతా చేసిన తరువాత మాత్రమే తెలుస్తుంది. గురుద్వారాలో ప్రతి ఉదయం గురుగ్రంథ్ సాహిబ్‌ను తెరిచి ఆ రోజు హుకుంనామాను చదివి వినిపించే ఆచారం కూడా ఈ భావనకు దగ్గరగా ఉంటుంది. ఆజ్ఞ ఏనాడో ఒకసారి రాసి మూసినది కాదు, ఏ రోజుకారోజు చదువుకోవలసినది.

చదవగలిగినదానిని చదవకపోవడం ఎలాంటి కర్మ అన్నది చివరి ప్రశ్న, అన్నింటికంటే బరువైన ప్రశ్న కూడా. దీనికి సాక్ష్యం కోసం దూరం వెళ్ళనక్కరలేదు. నాందేడ్‌తో పాటు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ఉస్మానాబాద్ జిల్లాలో, అంటే నేటి ధారాశివ్‌లో, టాటా మెమోరియల్ సెంటర్, బార్షీలోని నర్గిస్ దత్ మెమోరియల్ క్యాన్సర్ హాస్పిటల్, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కలిసి 1999 అక్టోబరులో ఒక పెద్ద అధ్యయనం ప్రారంభించాయి. డాక్టర్ ఆర్. శంకరనారాయణన్ బృందం 30 నుంచి 59 ఏళ్ళ మధ్య వయసున్న 1,31,746 మంది గ్రామీణ స్త్రీలను ఊళ్ళవారీగా నాలుగు వర్గాలు చేసి, ఒక వర్గానికి హెచ్‌పీవీ పరీక్ష, ఒక వర్గానికి కణాలను సూక్ష్మదర్శినిలో చూసే పరీక్ష, ఒక వర్గానికి పలుచని ఎసిటిక్ ఆమ్లం పూసి కంటితో చూసే పరీక్ష చేశారు. నాలుగవ వర్గానికి ఆరోగ్య బోధ తప్ప పరీక్ష లేదు. ఎనిమిదేళ్ళలో హెచ్‌పీవీ పరీక్ష జరిగిన 34,126 మందిలో ఈ క్యాన్సర్‌తో 34 మంది, పరీక్ష లేని 31,488 మందిలో 64 మంది మరణించారని 2009లో ఫలితాలు వెలువడ్డాయి. జీవితంలో ఒకే ఒక్కసారి చేసిన పరీక్ష మరణాలను దాదాపు సగానికి తగ్గించింది.

నాలుగవ వర్గాన్ని పరీక్ష లేకుండా వదలడం మీద తరువాతి కాలంలో తీవ్రమైన నైతిక వివాదం నడిచింది. దేశంలో ఆనాడు అమలులో ఉన్నది పరీక్ష లేకపోవడమేననీ, కనుక ఆ స్త్రీలకు అప్పటికే ఉన్న దానిలో ఏదీ తగ్గలేదనీ పరిశోధకుల పక్షం. ప్రాణం నిలిపే మార్గం తెలిసి కూడా పక్కన నిలబడి లెక్కపెట్టడం తగదని విమర్శకుల పక్షం. విమర్శకుల మాటలో న్యాయం ఉంది, అయినా వారి వేలు చిన్న లక్ష్యం మీదనే నిలిచిపోయింది. పరిశోధకుల వాదంలోనే దాగి ఉన్న అసలు నేరారోపణ దేశం మీద: కోట్లాది స్త్రీలు ఏ అధ్యయనంలోనూ పేరు లేకుండానే ఆ నాలుగవ వర్గంలో ఉన్నారు, నేటికీ ఉన్నారు. కర్మలో అకర్మనూ అకర్మలో కర్మనూ చూడగలిగినవాడే బుద్ధిమంతుడని గీత నాలుగవ అధ్యాయపు బోధ. ఆ చూపుతో చూస్తే, పరీక్ష చేయకపోవడం ఏమీ చేయకపోవడం కాదు, ఫలమిచ్చే కర్మ. చరకుడి విభజనను ఇక్కడ ఒక అడుగు ముందుకు తీసుకుపోవచ్చు: రోగికి దైవంగా అనుభవంలోకి వచ్చేదానిలో అధిక భాగం ఆమె పూర్వజన్మలో చేసినది కాదు, ఈ జన్మలోనే ఇతరులు చేయకుండా వదిలేసినది.

బాధ్యత ఉన్నంత మాత్రాన అధికారం రాదన్న సంగతిని కూడా తెలుగువారు తమ అనుభవం నుంచే గుర్తుంచుకోవాలి. 2009లో ఖమ్మం జిల్లాలో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ ఆధ్వర్యంలో గిరిజన బాలికలతో సహా వేలమంది బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేశారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని నిలిపివేసింది. టీకా వేసుకున్న బాలికలలో జరిగిన మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలినా, తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సమ్మతి పత్రాల మీద సంతకాలు చేశారన్న సంగతిని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. మంచి టీకాను చెడ్డ పద్ధతిలో ఇచ్చి దాని మీదే అపనమ్మకం పెంచిన ఉదంతమిది. ఒక స్త్రీ శరీరంలోని గుర్తును చదవడం మరింత సున్నితమైన పని. ఫలితం ముందుగా ఎవరికి చెప్పాలి, అత్తవారింటికి తెలియకుండా ఎలా కాపాడాలి అన్నవి ప్రయోగశాల బయటి ప్రశ్నలు కావు, పరీక్షలో భాగాలే.

మిథైలేషన్ పరీక్షలు నేటికి ఖరీదైన ప్రయోగశాలలను కోరేవే. అవి దేగ్లూర్ గ్రామీణ ఆసుపత్రికి చేరడానికి సమయం పడుతుంది. అయితే స్త్రీ స్వయంగా ఇంట్లోనే తీసుకున్న నమూనా మీద హెచ్‌పీవీ పరీక్ష జరుపవచ్చుననీ, అదే నమూనాను మిథైల్ గుర్తులకూ వాడవచ్చుననీ తేలడం వల్ల, పరాయివారి ముందు పడుకోవడానికి సిగ్గుపడి పరీక్షకు రాని స్త్రీలకు మున్ముందు కొత్త దారి తెరుచుకుంటుంది. అప్పటిదాకా ఆగవలసిన పనిలేదు. 30 నుంచి 65 ఏళ్ళ వయసు గల ప్రతి స్త్రీకీ ఐదేళ్ళకొకసారి ఎసిటిక్ ఆమ్లం పూసి చూసే పరీక్ష చేయాలని 2016 నుంచి జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. దానికి ప్రయోగశాల అక్కరలేదు, ఫలితం నిమిషాలలో తెలుస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో 30–49 ఏళ్ళ స్త్రీలలో జీవితంలో ఒక్కసారైనా ఈ క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవారు నూటికి 1.9 మంది మాత్రమే. మాహూర్ దేవస్థానమైనా, గురుద్వారా బోర్డయినా, ఊరూరా కీర్తన చెప్పే వారకరీ సంప్రదాయమైనా ఇంతమంది స్త్రీలను ఒకచోట చేర్చగలిగినట్టు ఏ ఆరోగ్యశాఖా చేర్చలేదు. ఈ రోగం పాపఫలం కాదనీ, ముప్పై దాటిన ప్రతి స్త్రీ దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి ఈ పరీక్ష అడగాలనీ ఆ వేదికల మీద నుంచి చెప్పడానికి ఆ సంస్థల పెద్దలు పూనుకోవాలి.